ఇల్లందుకు ఈఫిల్ టవర్‌తో ఏం పని?

సంపాదకులకు నమస్కారం.

ఊళ్ల పుట్టుక గురించి పత్రికల జిల్లా అనుబంధాల్లో వచ్చే వ్యాసాలకు ఒక అలవాటుంది. ఊరు ఫలానా ఏడాది వెలిసిందని చెప్పి, పక్కన ఒక గళ్ల పెట్టె కట్టి, ‘ఆ ఏడాది ప్రపంచంలో’ అంటూ నాలుగైదు ముక్కలు వేస్తారు. బొగ్గు తవ్వకం మొదలైన 1889ని మా ఇల్లందు (భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) పుట్టిన ఏడాదిగా తీసుకుంటే ఆ పెట్టెలోకి ఏమేం వస్తాయో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. మార్చి 31న ఈఫిల్ టవర్ ఆవిష్కరణ. ఏప్రిల్‌లో నాలుగు రోజుల తేడాతో చాప్లిన్, హిట్లర్ జననం. నవంబరు 14న నెహ్రూ. తేదీల్లో తప్పేమీ లేదు. కానీ ఇందులో ఒక్క ముక్క కూడా ఇల్లందు ఎందుకు పుట్టిందో చెప్పదు. శుభలేఖలో పేర్లు మార్చినట్టు ఊరి పేరు మార్చి, ఇదే పెట్టెను 1889లో వెలిసిన ఏ ఊరికైనా వేసుకోవచ్చు.

ఊరు పుట్టిననాటి లోకం అంటే ఆ ఊరి పొలిమేర దాకా నడిచొచ్చిన లోకం అని మా అభిప్రాయం. అది రైలు మీద వచ్చి ఉండాలి, లేదా తంతి తీగ మీద, లేదా పౌను మారకం లెక్కలో, లేదా జ్వరంగా. అలా రానిది ఎంత గొప్పదైనా ఆ పెట్టెలో దానికి చోటు అక్కర్లేదు. ఇల్లందునే ఉదాహరణగా పెట్టుకుని ఈ పని ఎలా చేయాలో, ఎక్కడ కాలు జారుతుందో రాస్తున్నాం.

ముందు తేదీ తేల్చుకోవాలి. ఇక్కడే సగం వ్యాసాలు తప్పుదారి పడతాయి. ఇల్లందుకు కనీసం మూడు పుట్టినరోజులున్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇక్కడి బొగ్గును గుర్తించిన 1871 ఒకటి. లండన్‌లో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కు దక్కిన 1886 రెండోది. బాయిలోంచి, అంటే గనిలోంచి, బొగ్గు రావడం మొదలైన 1889 మూడోది. వీటికి తోడు, ‘సింగరేణి కంపెనీ 1889లో పుట్టింది’ అని రాసేవాళ్లూ ఉన్నారు. సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ అనే పేరుతో కంపెనీ ఏర్పడింది 1920 డిసెంబరు 23న. అంతకు ముందున్నది హైదరాబాద్ దక్కన్ కంపెనీయే. ఇంకో గందరగోళం పేరు దగ్గర. సింగరేణి అన్నది కారేపల్లి వైపు ఉన్న వేరే గ్రామం. బొగ్గు క్షేత్రానికి పేరు ఆ ఊరిది, బొగ్గు మాత్రం ఇల్లందుది. పాతవాళ్లు ఇల్లందును ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు, అదే సూటిగా ఉంది.

భద్రాచలం వెళ్లే యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లు అంటుకున్నాయన్న కథ అందరికీ తెలిసిందే. దాన్ని కథగానే రాయండి, తేదీ వేయకండి. అందులో లోకానికి సంబంధించిన ముక్క ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆ యాత్రికులు వెళ్తున్నది పరాయి రాజ్యానికి. గోదావరి అవతలి భద్రాచలం 1860 నుంచి ఇంగ్లిషువాళ్ల చేతిలో ఉంది, ఇవతలి గట్టు నిజాంది. రాముణ్ని చూడాలంటే సరిహద్దు దాటాలి.

మూడు తేదీల్లో దేన్ని ఎంచుకుంటే దానికి తగిన లోకం వేరు. 1871ని తీసుకుంటే అడగాల్సిన ప్రశ్న ఒకటే: బొగ్గు కనపడ్డాక పద్దెనిమిదేళ్లు ఎందుకు ఊరుకున్నారు? జవాబు బండి లెక్కలో ఉంది. జోడెడ్ల బండి అర టన్ను మోస్తుంది, రోజుకు పది పన్నెండు మైళ్లు నడుస్తుంది. ఇల్లందు నుంచి సికింద్రాబాదు నూట యాభై మైళ్ల పైమాటే. అంటే అర టన్ను బొగ్గు చేరడానికి రెండు వారాలు. మూడు వందల టన్నులు మోసే ఒక్క గూడ్సు బండి పనికి ఆరు వందల ఎడ్లబండ్లు కావాలి. వాటి మేత ఖర్చే బొగ్గు ధరను మింగేస్తుంది. బొగ్గు బరువెక్కువ, ధర తక్కువ సరుకు. మోత చౌక కాకపోతే అది ఉత్త నల్లరాయే.

మరి పడవ? ఎగువ గోదావరిలో ఆవిరి పడవలు నడపాలన్న పథకం కోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు పెరిగిపోవడంతో ఆ పథకాన్ని సర్కారు మూసేసిన ఏడాది ఏదనుకున్నారు? 1871. కింగ్ బొగ్గు చూసిన ఏడాదే నీటి దారి మూతపడింది. ఇక మిగిలింది ఇనుప దారి. బొంబాయి-మద్రాసు లైను మీది వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. అక్కడి నుంచి వరంగల్ దాకా రావడానికి 1886 అయింది. డోర్నకల్ మీదుగా బెజవాడకు కలిసింది 1889లో. డోర్నకల్ నుంచి బొగ్గు గనులకు వేసిన పాయ దానికి అనుబంధం. పట్టాల తేదీలు పక్కన పెట్టుకుని చూస్తే 1889 అనే అంకె గాల్లోంచి ఊడిపడలేదని తెలుస్తుంది.

బెజవాడ చేరినంత మాత్రాన దేశమంతా చేరినట్టు కాదు. 1889లో బెజవాడ నుంచి మద్రాసుకు కోస్తా వెంట నేరుగా రైలు లేదు, అది 1899లో వచ్చింది. కటక్ వైపు లైను 1893, 1896 మధ్య తెరుచుకుంది. కాబట్టి ‘ఇల్లందు బొగ్గు మొదటి రోజు నుంచే మద్రాసు మిల్లులకు వెళ్లేది’ లాంటి వాక్యం కనిపిస్తే కొట్టేయండి. మొదట్లో దాని మొగం పడమటి వైపు, వాడి జంక్షన్ వైపు. మద్రాసు రాష్ట్రంలో ఇంజిన్లు అప్పటికి కట్టెలు కూడా కాల్చేవి. కోస్తాలో సరుగుడు తోటలు అంతగా పెరగడానికి ఒక కారణం రైలు కొలిమే. టన్ను బొగ్గు ఇచ్చే వేడికి రెండు టన్నులకు పైగా కట్టె కావాలి. ఆ కట్టెను మోయడానికి మళ్లీ బండ్లు, పేర్చడానికి మళ్లీ చోటు. ఇల్లందు బొగ్గుకు పోటీ ఎవరంటే ఒక పక్క ఈ కట్టె, ఇంకో పక్క వేల్స్ నుంచి ఓడల మీద వచ్చే బొగ్గు.

ఈ వేల్స్ బొగ్గు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే లోకం ఇల్లందును తాకిన అసలు చోటు ఇదే. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక బ్రిటన్ బొగ్గు బొంబాయికి తేలిగ్గా వచ్చేది. దాని ధర పౌన్లలో, ఇక్కడ కొనేవాడి డబ్బు రూపాయల్లో. మన రూపాయి వెండిది, వాళ్ల పౌను బంగారంది. 1871లో జర్మనీ బంగారు నాణెం వైపు తిరిగింది, 1873లో అమెరికా వెండిని పక్కన పెట్టింది, నెవాడా గనుల్లో వెండి కుప్పలు తెప్పలుగా పడింది. వెండి ధర జారింది, దానితో రూపాయి కూడా. 1870ల మొదట్లో పౌనుకు పది రూపాయల పైచిలుకు. 1886కి పద్నాలుగుకు దగ్గర. 1889కి పద్నాలుగున్నర. అంటే వేల్స్‌లో బొగ్గు ధర ఒక్క పెన్నీ పెరగకపోయినా బొంబాయి రేవులో కొనేవాడికి నలభై శాతం ఎక్కువ పడుతుంది. కూలి రూపాయల్లో, అమ్మకం రూపాయల్లో ఉన్న దేశవాళీ బొగ్గుకు ఇంతకన్నా మంచి కాలం లేదు. నాణేనికి మరో వైపు కూడా రాయాలి. ఇంజిను, పంపు, తీగతాడు ఇంగ్లండు నుంచే రావాలి, వాటికి పౌన్లే కట్టాలి. బాయి తెరవడం ఖరీదు, తెరిచాక నడపడం లాభం. బెర్లిన్‌లో నాణెం మారితే బొగ్గుట్టలో బాయి పడింది అంటే అతిశయోక్తి అవుతుంది. కానీ ఈఫిల్ టవర్ కన్నా ఆ నాణెమే ఇల్లందుకు దగ్గర చుట్టం.

డబ్బు లెక్క రాసేటప్పుడు ఒక జాగ్రత్త. నిజాం రాజ్యంలో రెండు రూపాయలు చెలామణి అయ్యేవి. రాజ్యం సొంత నాణెం హాలీ సిక్కా, ఇంగ్లిషువాళ్లది కల్దార్. వంద కల్దార్లకు నూట పదహారు, నూట ఇరవై హాలీలు, ధర అటూ ఇటూ ఆడేది. పాత కాగితంలో ‘రూ.’ అని మాత్రమే ఉంటే ఏ రూపాయో తేల్చకుండా పౌన్లలోకి మార్చితే ఆరో వంతు తప్పు వస్తుంది. అలాగే పాత నివేదికల్లో టన్ను అంటే ఇంగ్లిషు టన్ను, 2,240 పౌండ్లు, మన లెక్కలో 1,016 కిలోలు. తేడా చిన్నదే కానీ, ఏళ్ల తరబడి ఉత్పత్తి కూడేటప్పుడు పెద్దదవుతుంది.

ఇక 1886. ఈ తేదీ పట్టుకుంటే లోకం అంటే లండన్ షేర్ల బజారు. నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పూర్తి అధికారాలు చేపట్టి అప్పటికి రెండేళ్లే, వయసు ఇరవై. గనుల హక్కును ఇద్దరు ఇంగ్లిషువాళ్లు రాయించుకుని, పది లక్షల పౌన్ల మూలధనం చూపించి కంపెనీ పెట్టారు. అందులో వాటాల్లో ఎక్కువ భాగం హక్కు తెచ్చినందుకు ప్రతిఫలంగా వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. బాయి కోసం నిజంగా చేతికొచ్చిన సొమ్ము కొద్ది. నిజాం తరఫున బేరం నడిపిన అధికారి అబ్దుల్ హఖ్ తన చేతిలోని వాటాలను నిజాం సర్కారుకే అమ్మాడని గోల లేచి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ విచారణ సంఘం వేసింది. ఇల్లందు బాయిలోంచి ఒక్క టబ్బు బొగ్గు మార్కెట్టుకు పోకముందే ఇల్లందు పేరు మీద లండన్‌లో వాటాలు చేతులు మారాయి. ఊరి కన్నా ముందు ఊరి కాగితం పుట్టింది.

అది ఒక్క ఇల్లందుకే జరిగిందనుకోకండి. ఆ దశాబ్దమంతా అలాంటిదే. రాజుకో, తెగ నాయకుడికో కొంత ముట్టజెప్పి నేల కింది హక్కు రాయించుకోవడం, దాన్ని లండన్‌లో వాటాలు చేసి అమ్మడం. నైజర్ నది మీద రాయల్ నైజర్ కంపెనీకి రాణి సన్నదు (అధికార పత్రం) ఇచ్చింది 1886లో. దక్షిణాఫ్రికాలో ఇంగ్లిషు గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్ డీబీర్స్ వజ్రాల గనులను ఒక్కటి చేసింది 1888లో, బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీకి సన్నదు తెచ్చుకుంది 1889లో. ఇల్లందుకు ఈడు ఊరు కావాలంటే పారిస్ వెతకక్కర్లేదు, జొహానెస్‌బర్గ్ ఉంది. అక్కడ బంగారం బయటపడి ఊరు గీసింది 1886లోనే. పోలిక పెట్టండి, కానీ తేడా కూడా రాయండి. జొహానెస్‌బర్గ్‌కు రైలు లేకుండానే ఊరు పెరిగింది, ఎందుకంటే బంగారం ఎడ్లబండిలో పోయినా గిట్టుబాటే. పట్టాలు అక్కడ 1890లో మొదలయ్యాయి. ఇల్లందులో పట్టాలు ముందు, బాయి తర్వాత. సరుకు విలువను బట్టి ఊరి పుట్టుక క్రమమే తలకిందులైంది.

దక్షిణాఫ్రికా ముక్క తెలుగువాళ్లకు మరీ దూరం కూడా కాదు. మద్రాసు రేవు నుంచి 1860 నుంచే గిర్మిట్ (ఒప్పంద) కూలీలను అక్కడి నాటాల్‌కు తీసుకెళ్లేవారు. వాళ్లలో విశాఖ, గోదావరి, ఉత్తరార్కాటు జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. ముందు చెరకు తోటలు, తర్వాత రైలు పట్టాలు, 1880ల చివరి నుంచి నాటాల్‌లోనే డండీ వైపు బొగ్గు గనులు. అంటే ఇల్లందులో నిజాం రాజ్యపు తెలుగు కూలీ తట్టా చెమ్మాసు (బొగ్గు ఎత్తే పార) పట్టిన రోజుల్లోనే సముద్రం అవతల కోస్తా తెలుగు కూలీ అదే పనికి దిగుతున్నాడు. ఇటు తూర్పున 1886 జనవరి 1న ఎగువ బర్మాను ఇంగ్లిషువాళ్లు కలుపుకున్నారు. కాకినాడ, కోరంగి నుంచి రంగూన్ ఓడలెక్కే జనం పెరగడానికి అది దారి వేసింది. బర్మావాళ్లు మనవాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. ‘ఆ ఏడాది ప్రపంచంలో’ పెట్టెకు ఇలాంటివి కావాలి.

కార్మిక చట్టాల దగ్గర పొరపాటు దాదాపు తప్పదు, అందుకే వివరంగా చెబుతున్నాం. 1889 నాటి ఇల్లందు బ్రిటిష్ ఇండియాలో లేదు. అందువల్ల ‘1881 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం’, ‘1901 గనుల చట్టం ప్రకారం’ అని రాయడం కుదరదు. ఆ చట్టాలు చేసినవాళ్ల ఏలుబడి వేరు, ఇల్లందుపై నడిచింది నిజాం ఫర్మానా. కంపెనీ మాత్రం లండన్‌ది. అంటే ఇంగ్లండులో స్త్రీలు బాయి దిగకూడదని 1842లోనే, పన్నెండేళ్లలోపు పిల్లలు దిగకూడదని 1887లో చట్టాలున్నాయి. అదే లండన్ వాటాదారుల బాయికి ఇక్కడ అవి వర్తించవు. బ్రిటిష్ ఇండియాలో కూడా స్త్రీలను భూగర్భం నుంచి దశలవారీగా తప్పించే నిబంధనలు 1929లో గాని రాలేదు.

1889నే తీసుకుంటే బొగ్గు కూలీలకు అది మామూలు ఏడాది కాదు. మే నెలలో జర్మనీలోని రూర్ లోయలో తొంభై వేల మంది గని కార్మికులు సమ్మె చేశారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో లండన్ రేవు కూలీలు గంటకు ఆరు పెన్నీల కోసం పని మానేసి గెలిచారు. నవంబరులో బ్రిటన్ గని కార్మికుల సమాఖ్య ఏర్పడింది. జులైలో పారిస్‌లో సమావేశమైన సోషలిస్టులు మరుసటి ఏడాది మే 1న అన్ని దేశాల్లో ప్రదర్శనలు జరపాలని తీర్మానించారు, మే డే అలా మొదలైంది. అంతకు ముందు ఏడాది జపాన్‌లో తకషిమా బొగ్గు గనిలో కూలీలను పెట్టే హింసలు పత్రికలకెక్కాయి. 1888 మే 13న బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది. అయితే ఈ వార్తలేవీ ఆ ఏడాది బొగ్గుట్ట బాయిలోకి దిగలేదు. రాసేటప్పుడు ‘రూర్ సమ్మె స్ఫూర్తితో’ అని కలిపి కుట్టకండి. ఒకే కాలంలో జరిగినవన్నీ ఒకదానికొకటి కారణాలు కావు. పక్కపక్కన పెట్టి వదిలేస్తే చాలు, పాఠకుడు చూసుకుంటాడు.

వార్త ఎంత వేగంగా వచ్చేదో తెలిస్తే ఇలాంటి తప్పు జరగదు. 1870 నుంచి బొంబాయికి సముద్రపు తంతి తీగ ఉంది, లండన్ ధర కొన్ని గంటల్లో తెలిసేది. ఉత్తరానికి దాదాపు మూడు వారాలు. కానీ తంతి వాడేది కంపెనీ దొర, రైలు అధికారి. పని చేసేవాడి దాకా రావడానికి తెలుగు దినపత్రిక అనేదే లేదు. మొదట దినపత్రికలుగా కాకపోయినా కృష్ణా పత్రిక 1902లో, ఆంధ్రపత్రిక 1908లో, నిజాం రాజ్యంలో గోలకొండ పత్రిక 1926లో మొదలయ్యాయి. మద్రాసులో ది హిందూ కూడా దినపత్రిక అయ్యింది 1889లోనే. లోకం ఊరి దాకా వచ్చింది, ఊరు లోకాన్ని చదవడానికి ఇంకా ముప్పై నలభై ఏళ్లు పట్టింది.

గడియారం సంగతి చిన్నదే అయినా మాకు ముచ్చటగా అనిపిస్తుంది. అప్పటికి ఇండియన్ స్టాండర్డ్ టైమ్ లేదు, 1906లో వచ్చింది. రైళ్లు మద్రాసు సమయంతో నడిచేవి, ఇప్పటి సమయానికి అది తొమ్మిది నిమిషాలు వెనక. హైదరాబాదులో, బొంబాయిలో రైలు గడియారానికీ ఊరి సూర్యుడికీ పొసగేది కాదు. ఇల్లందు, మద్రాసు రెండూ 80 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఇంచుమించు ఒకే గీత మీద ఉన్నాయి. అందుకని బొగ్గుట్ట స్టేషన్‌లో పన్నెండు కొట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చి ఉండేది. మద్రాసు గీతను వదిలి 1906లో కొత్త సమయానికి మారాక ఆ పొత్తు పోయింది.

తేదీల మార్పిడికి వస్తే, నిజాం సర్కారు కాగితాలు ఫసలీలో, అంటే పంటల లెక్కన నడిచే రెవెన్యూ సంవత్సరంలో ఉంటాయి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ మొదటి భాగం పడే ఇంగ్లిష్ ఏడాది, 591 కలిపితే రెండో భాగం పడే ఏడాది. నిజాం రాజ్యంలో ఫసలీ అజూరు నెలతో, అంటే అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. మద్రాసు ఇలాకా ఫసలీ జులై 1తో మొదలవుతుంది. ఖమ్మం కాగితాన్ని, బెజవాడ కాగితాన్ని ఒకే లెక్కతో మార్చితే మూడు నెలలు జరిగిపోతాయి. తెలుగు సంవత్సరం పేరు కావాలంటే ఇంగ్లిష్ ఏడాదిలోంచి 1866 తీసేయండి, మిగిలింది అరవై పేర్ల వరుసలో స్థానం. 1876లోంచి తీస్తే పది, ధాత. ‘ధాత కరువు’ ఆ పేరుతోనే జనం నోట్లో ఉంది కాబట్టి లెక్క సరిపోయిందని తెలుస్తుంది. 1886 వ్యయ, 1889 విరోధి. ఉగాదికి ముందున్న జనవరి నుంచి మార్చి దాకా పాత పేరే నడుస్తుంది, ఇది మర్చిపోవడం వల్ల శాసనాల దగ్గర నుంచి పెళ్లి ఫొటోల దాకా తప్పులొస్తాయి. అరవై ఏళ్లకోసారి పేరు తిరిగొస్తుంది కాబట్టి ‘విరోధి’ అని ఒక్క మాట దొరికితే అది 1889 కావచ్చు, 1949 కావచ్చు.

రోగాల ముక్క లేకుండా అడవి మధ్య ఊరి పుట్టుక రాస్తే అది సగం చరిత్రే. 1889లో మలేరియా పురుగును ఫ్రెంచి డాక్టర్ లావెరాన్ చూసి తొమ్మిదేళ్లయింది, కానీ అది దోమ వల్ల వస్తుందని లోకంలో ఎవరూ తేల్చలేదు. బాయి చుట్టూ తవ్విన గుంటల్లో నీళ్లు నిలిస్తే దోమలు పెరుగుతాయని చెప్పేవాడు లేడు. ఆ జవాబు ఇదే రైలు దారిలో, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్‌కు దొరికింది. 1889లో వైద్య లోకం దృష్టి హైదరాబాదు మీదే ఉంది, వేరే సంగతికి. మత్తుమందు క్లోరోఫామ్ గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టి, నిజాం వెయ్యి పౌన్లిచ్చి, లండన్ నుంచి లాన్సెట్ పత్రిక పంపిన డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను రప్పించి ఆ ఏడాది ప్రయోగాలు చేశారు. ఇదేమో ఈఫిల్ టవర్ పెట్టెలో ఎన్నడూ కనపడదు. ఆ చలికాలంలోనే రష్యా రాజధానిలో ఫ్లూ జ్వరం లేచి, రైళ్ల మీద, ఓడల మీద పాకి, 1890లో మన దేశం చేరింది. పట్టాలు ఒక ఊరికి బొగ్గు ధర తెచ్చినట్టే జ్వరాన్నీ తెస్తాయి.

జనాభా లెక్క వేయాలనుకునేవారు ఒకటి చూసుకోవాలి. నిజాం రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది, 98 లక్షల 45 వేల పైచిలుకు. 1891లో కోటీ 15 లక్షలు దాటింది. ఇల్లందు ఊరుగా మారింది ఆ రెంటి మధ్యే. 1871-72 నాటి దేశ జనగణనలో నిజాం రాజ్యం లేదు. కాబట్టి ‘బొగ్గు దొరికిన ఏడాది ఇక్కడ ఇంతమంది’ అనే అంకె ఎక్కడైనా కనపడితే అది జనగణన అంకె కాదు.

అసలు కాగితాలు ఎక్కడున్నాయి అనేవారికి: తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయంలో నిజాం సర్కారు దస్తావేజులు ఉన్నాయి. 1880ల మధ్యలో సర్కారు భాష పారశీకం నుంచి ఉర్దూకు మారింది. అందువల్ల మీరు ఎంచుకున్న తేదీని బట్టి చదివి పెట్టే మనిషి మారతాడు. 1871కి పారశీకం తెలిసినవారు, 1889కి ఉర్దూ తెలిసినవారు. కింగ్ పరిశీలనలు ఇంగ్లిషులో ఉన్నాయి. ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భంపై ఆయన పెద్ద నివేదిక 1881లో వెలువడింది. ఆయన పేరే ఇప్పటికీ కింగ్ సీమ్ అని బొగ్గు పొరకు నడుస్తోంది. దిగువ సభ విచారణ కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో దొరుకుతాయి.

ఈఫిల్ టవర్ లేకుండా పెట్టె బోసిగా ఉంటుందనుకుంటే, వేయండి, కానీ ఎత్తు వేయకండి, బరువు వేయండి. అందులో 7,300 టన్నుల ఇనుముంది. ఇనుము కరిగించడానికి, దాన్ని మళ్లీ కొలిమిలో కలియబెట్టడానికి దాని బరువుకు ఎన్నో రెట్ల బొగ్గు కాలింది. అప్పుడు దానికి ఇల్లందు పక్కన నిలబడే అర్హత వస్తుంది.

చివరిగా ఫొటో గురించి. ‘తొలినాటి ఇల్లందు’ అంటూ వేసే బొమ్మల్లో చాలావరకు తొలినాటివి కావు. ఫొటోగ్రాఫర్ దీన్ దయాళ్ స్టూడియో 1880ల్లో సికింద్రాబాదులో ఉంది కాబట్టి ఆనాటి ఫొటో అసాధ్యమేమీ కాదు. అయితే వేసే ముందు స్తంభాలు చూడండి. కలకత్తాకే కరెంటు 1899లో వచ్చింది కాబట్టి వీధి కరెంటు స్తంభం కనిపిస్తే ఆ ఫొటో 1889ది కాదు. పట్టాల వెంట వరుసగా, అడ్డకర్రలకు తెల్లటి పింగాణీ గిన్నెలు బోర్లించినట్టున్న స్తంభాలైతే తొందరపడి పక్కన పడేయకండి, అవి తంతి తీగలవి.

భవదీయులు,
ఇల్లందు పాఠకులు కొందరు